గళ్లల్లో మా పేర్లు

నీళ్లకి ఎన్ని పేర్లున్నాయో నాకు బడి నేర్పలేదు, గళ్ల నుడికట్టు నేర్పింది. జలం, నీరం, వారి, అంబువు, తోయం. వీటి చివర "జ" చేరిస్తే తామరపువ్వు. జలజం, నీరజం, వారిజం, అంబుజం. "ద" చేరిస్తే మబ్బు. జలదం, నీరదం, వారిదం, అంబుదం. "ధి" చేరిస్తే సముద్రం. జలధి, వారిధి, అంబుధి. నీళ్లల్లో పుట్టింది పువ్వు, నీళ్లిచ్చేది మబ్బు, నీళ్లు దాచుకునేది సముద్రం. ఈ కిటుకు ఏడో తరగతిలో దొరికింది నాకు. దొరికిన రోజు హాస్టల్లో నిద్ర పట్టలేదు. ఒక్క తాళంతో పది ఇళ్ల తలుపులు తీసినట్టనిపించింది.

అవే రోజుల్లో ఊళ్లో మా అమ్మ మంచినీళ్ల బావికి ఇవతల బిందె పెట్టుకుని నిలబడేది. పైనుంచి చేదే తల్లి ఎవరన్నా దయతలిచి పొయ్యాలి. "అమ్మా, ఒక్క చేద పొయ్యండమ్మా." మా అమ్మకి నీళ్లకి ఒకటే పేరు తెలుసు. ఆ ఒక్క పేరుతో అడిగినా మిట్టమధ్యాన్నం దాకా పోసేవాళ్లు కాదు.

మాది ప్రకాశం జిల్లా మెట్ట. మాదిగపల్లె. నేను చదివింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో. వార్డెను వారపత్రిక తెప్పించుకునేవాడు. ఆయన చదివి పడేశాక అది వంటగదిలోకి వచ్చేది, వంటగది నుంచి మాకు. అప్పటికి గడువు దాటి రెండు మూడు వారాలయ్యుండేది. కొన్నిసార్లు గళ్ల మీద పప్పు మరకలుండేవి. మరక కింద ఏ అక్షరముందో కూడా ఊహించుకోవాలి. అదొక అదనపు ఆధారం మాకు.

ఇంగ్లీషు గళ్లల్లో గడికొక అక్షరం. మనకట్లా కాదు. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిపి ఒకటే గడి. "కృష్ణ" రెండు గళ్లు, "స్త్రీ" ఒక్క గడి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నాడు, ఆరుద్ర గళ్ల నుడికట్టు అన్నాడు. ఆటకే రెండు పేర్లు! అంతంత కవులు ఈ ఆట కట్టారంటే ఇందులో పనికిమాలిన పని కాక ఇంకేదో ఉన్నట్టే గదా. "తామర (3)" అని ఆధారమిస్తే కమలం పడుతుంది, జలజం పడుతుంది, పంకజం, సరోజం, నీరజం అన్నీ పడతాయి. ఏది సరైందో నిలువు మాట చెప్పాలి. నిలువు వచ్చి అడ్డాన్ని కోసేదాకా అన్నీ నిజమే. బళ్లో అయ్యవారు పర్యాయపదాలంటే ఒకే అర్థమిచ్చే వేరువేరు మాటలన్నాడు. పరీక్షలో అదే రాశాను, మార్కులొచ్చాయి.

ఆ నిర్వచనాన్ని మొదట కాదన్నవాడు మా నాయన.

సంక్రాంతి సెలవలకి ఇంటికొచ్చాను. పత్రిక వెంట తెచ్చుకున్నాను. నాయన వేపచెట్టు కింద కూచోని ఎవరిదో ఆసామి చెప్పు ఉంగటం కుడుతున్నాడు. పక్కన రంపె, చేతిలో ఆరె. నాకు ఒక మాట దగ్గర ఆగిపోయింది. "పాతకాలపు పాదరక్షలు (3)". మధ్య అక్షరం "చ్చె" వచ్చి కూచుంది. నాకు తెలిసినవన్నీ వేసి చూశాను. పాదుకలు నాలుగు గళ్లు. పావుకోళ్లు నాలుగే, పైగా అవి చెక్కవి. జోళ్లు రెండు. ఉపానహం అని పండితుల మాటొకటి, అదీ నాలుగే. పైకి గొణుక్కుంటన్నట్టున్నాను.

"ముచ్చెలు గాదంట్రా?" అన్నాడు నాయన తల ఎత్తకుండా.

ము, చ్చె, లు. సరిగ్గా అతికింది. నాయనకి అక్షరం ముక్క రాదు. ఆరె కింద పెట్టి, "ఏదీ, యాడ రాసినావో చూపీ" అన్నాడు. నేను చూపించిన మూడు గళ్ల మీదా వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. "వారు కోసినట్టుందిరా అడ్డంగా, నిలువుగా" అన్నాడు.

నేను సంబరంగా, "నాయనా, చెప్పులన్నా జోళ్లన్నా ముచ్చెలన్నా ఒకటే గదా" అన్నాను. నాయనకి కోపమొచ్చింది.

"ఒకటెట్టా అయిద్దిరా? నువ్వు కుట్టావా? ముచ్చె ముందర మూసుకోనుంటది. చెప్పుకి ఉంగటం ఉంటది, పైన పట్టీ ఉంటది. కిర్రుచెప్పు వేరే. దానికి అట్టకీ అట్టకీ మధ్యన తోలుముక్క పెట్టి కుట్టాల, నడస్తా ఉంటే కిర్రుమనాల. ఒకటే అంట ఒకటే!"

"కిర్రుమనడం దేనికి నాయనా?"

"ఆసామి వస్తండాడని ముందే తెలవొద్దా. మంచం మీంచి లేవాల గదా మనం."

ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధేమీ లేదు. పనివాడు పని సంగతి చెప్పినట్టే చెప్పాడు. అట్లాంటి చెప్పులు ఎన్ని జతలు కుట్టాడో! తను మాత్రం ఊళ్లోకి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకునే పోయేవాడు.

ఆ సెలవల్లో నేను నాయన నోట్లోంచి మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను. మొదట గళ్ల కోసమే. తర్వాత ఊరికే. తోలు ఊరేసే లంద, అందులో వేసే సున్నం, తంగేడు చెక్క. ఎద్దు మెడకి పట్టెడ. వారుకీ తాడుకీ తేడా. చర్నాకోలకి కొస. మోటకి తోలు బాన, బాన కింద తొండం. మా వైపు మోటని కపిల అని కూడా అంటారు. ఏది అడిగినా నాయన ఒక మాటకి ఇంకో మాట బదులియ్యడు. "అది వేరు, ఇది వేరు" అంటాడు. పని చేసే చేతికి పర్యాయపదాలుండవేమో. చేయించుకునేవాడికే అన్నీ ఒకటిగా కనపడతాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం నేను చాలా తర్వాత చూశాను. 1962లో వ్యవసాయం మాటలు, 1971లో చేనేత మాటలు, ఊరూరా తిరిగి జనం నోట విని పోగుచేసినవి. ఆ పుస్తకాలు ముట్టుకుంటే నాకు మా నాయన వేలు గుర్తొచ్చింది. నేను పెరిగేటప్పుడు నాకు దొరికిన కోశాలు అట్లాంటివి కావు. నాకు దొరికింది అమరకోశం.

ఒంగోల్లో చదివే రోజుల్లో సాయంత్రాలు గ్రంథాలయంలో ఉండేవాణ్ణి. రిటైరైన తెలుగు పండితుడొకాయన రోజూ వచ్చేవాడు. ఆయనకీ గళ్ల పిచ్చి. నేను ఒక ఆధారం దగ్గర తన్నుకుంటుంటే చూసి, "అమరం చూశావుటోయ్? అందులో లేని మాట ఈ గళ్లల్లోకి రాదు" అని పుస్తకం నా చేతికిచ్చాడు. రెండు వారాలు ఎంతో ఇదిగా చెప్పాడు. మూడోవారం, "ఎవరబ్బాయివి? మీరేమిట్లు?" అన్నాడు. చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకోలేదు, లేచి పోలేదు. చెప్పడం మానలేదు కూడా. కాకపోతే ఆ తర్వాత పుస్తకం నా చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టేవాడు, నేను తీసుకునేవాణ్ణి.

"శిష్యుడు (4)". చివరి అక్షరం "సి". విద్యార్థి మూడు గళ్లే, ఛాత్రుడు మూడే. ఆయనే చెప్పాడు. "అంతేవాసి. గురువు దగ్గరే వసించేవాడు. ఎంత చక్కటి మాటో చూడు." రాసుకున్నాను. నిజంగా చక్కటి మాటే. అం, తే, వా, సి.

ఆ అమరం నేను వర్గం తర్వాత వర్గం చదివాను. అమరసింహుడు బౌద్ధుడంటారు. బుద్ధుడి పేర్లు బ్రహ్మ పేర్లకంటే ముందు చెప్పాడు. అది చూసి నాకు ఆశ పుట్టింది. రెండో కాండలో శూద్రవర్గం దాకా వచ్చాను. అక్కడ మావాళ్లున్నారు. చర్మకారుడున్నాడు. మా నాయన చేతిలో ఆరె కూడా ఉంది, "ఆరా" అని, తోలుని తొలిచేదని అర్థంతో. ఎవరి మాట ఎవరు తీసుకున్నారోగానీ, ఆ పనిముట్టుని అక్కడ చూసి ఊరివాడు కనపడ్డట్టు సంతోషమేసింది. ఇంకాస్త ముందే చండాలుడున్నాడు. ఆయనకి పది పేర్లు. పదీ లెక్కపెట్టాను. మాతంగుడు ఒకటి. ఏనుగు పేర్లల్లో మాతంగం రాసీ రాసీ అలవాటు నాకు. మా పల్లెలో మాతంగమ్మని కొలుస్తారు. ఏనుగుకీ, మా దేవతకీ, అంటరానివాడికీ ఒకే మాట! శ్వపచుడు ఇంకొకటి. కుక్కని వండుకునేవాడట. ఆ పదిట్లోనే ఉంది, అంతేవాసి.

ఆ పది పేర్ల తర్వాత కిరాతులు, శబరులు, ఆ తర్వాత వేటగాడు. వేటగాడి వెనకే కుక్క పేర్లు మొదలవుతాయి.

మర్నాడు పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టాను. "మాస్టారూ, అంతేవాసి ఇక్కడ కూడా ఉంది."

ఆయన చూశాడు. ఆయనకి తెలియకుండా ఉంటుందా? అమరం కంఠతా వచ్చు. కళ్లజోడు తీసి పైకండువాతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"అంతం అంటే దగ్గరా అవుతుంది, చివరా అవుతుంది నాయనా. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి."

ఆయన మంచివాడే. ఆ మాట నిజాయితీగానే అన్నాడు. నేను మాత్రం హాస్టలుకి నడుస్తూ దారంతా మా పల్లె ఎక్కడుందో ఆలోచించాను. ఊరి చివర, పడమటి గాలి ఊరి మీదికి మా వాసన మోసుకుపోకుండా తూర్పు పక్కన. గురువు ఇంటి అరుగు పక్కన ఉండేవాడూ, ఊరవతల ఉండేవాడూ నాలుగే గళ్లు. నిలువు మాట ఏదొచ్చి కోసినా రెండూ తెగవు.

1986లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. కారంచేడు జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 1985 జూలై 17న అక్కడ చంపింది మా మాదిగల్నే. చీరాల శిబిరానికి మా ఊర్నుంచి బియ్యం మూటలు మోసుకెళ్లిన వాళ్లల్లో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో గళ్ల మీదికి మనసు పోలేదు. మళ్లీ మెల్లిగా పట్టుకున్నాను. ఇప్పుడు పత్రిక నా డబ్బులతో నేను కొనుక్కుంటున్నాను. గడువులోపలే పంపించొచ్చు. అన్నీ సరిగా నింపితే నూటపదహార్లు.

ఒక వారం అన్నీ వచ్చేశాయి. ఒక్క అడ్డం మిగిలింది. ఆధారం: "చండాలుడు (4)". నిలువు మాటలు వచ్చి రెండో గడిలో "ప", నాలుగో గడిలో "డు" పెట్టి పోయాయి. మొదటి గడీ మూడో గడీ ఖాళీ. నాకు వెతుక్కోవాల్సిన పని లేదు. "శ్వ", "చు". పెన్సిలు ఆ గళ్ల దాకా పోయింది.

గదిలో నాతో ఉండే ఇంకో టీచరు, ఆయన మాలాయన, చూస్తా ఉన్నాడు. "రాసి పడెయ్ అన్నా. నూటపదార్లు ఊరికే వస్తాయా? మాటే గదా" అన్నాడు. నూటపదహార్లంటే అప్పట్లో మా అమ్మకి రెండు చీరలొచ్చేవి. అది ఎవర్నో తిట్టడానికి ఇచ్చిన ఆధారం కాదని నాకూ తెలుసు. నుడికట్టు కట్టినాయనకి "ప", "డు" కుదిరే మాట కావాల్సొచ్చింది. కోశం తీశాడు, దొరికింది, పెట్టాడు. ఆయన మనసులో చండాలుడు అనేవాడు నిఘంటువులో ఉంటాడు. పత్రిక కొనుక్కుని, పెన్సిలు చెక్కుకుని, ఆ నాలుగు గళ్ల ముందు కూచుంటాడని ఆయనకి తట్టి ఉండదు. నాకు కష్టమేసింది ఆ తిట్టుకి కాదు, ఆ తట్టకపోవడానికి.

ఆ రెండు గళ్లూ నింపకుండానే పంపించాను. వెంట ఒక కార్డు ముక్క రాశాను. "అయ్యా, రెండు గళ్లు తెలియక వదల్లేదు. తెలిసే వదిలాను. ఆ మాట నా చేత్తో నా పేరుగా రాసుకోలేను." కింద నా పేరు, ఊరు.

జవాబు రాలేదు. రెండు వారాల తర్వాత సమాధానాలు అచ్చయ్యాయి. ఆ మాట నాలుగు గళ్లల్లో నల్లగా ఉంది. నెగ్గినవాళ్ల పేర్లున్నాయి.

ఊరెళ్లినప్పుడు నాయన అడిగాడు, "నూటపదార్లొస్తయ్యంటివే, వచ్చినయ్యా?" సంగతి చెప్పాను.

"ఇంతకీ ఆ మాటకి అర్థమేంది?"

"కుక్కని వండుకు తినేవాడని నాయనా."

నాయన కాసేపు ఆలోచించాడు. "కుక్కని ఎప్పుడు తిన్నాంరా మనం? చచ్చిన గొడ్డు తిన్నాం. అది దాచేదేముంది. గొడ్డుని తిన్నాం, దాని తోలు వాళ్ల కాళ్లకి చుట్టాం. ఆ రాసినాయనకి మన సంగతి తెలవదు" అన్నాడు. తర్వాత, "మీ అమ్మకి చీరలు కొంటానన్నావంటగా, అవి మాత్రం కొను" అన్నాడు. జీతం మీద కొన్నాను.

మా పేర్ల మీద ఎన్ని గళ్లు మారాయో ఎప్పుడన్నా లెక్కేస్తుంటాను. పంచముడు, నాలుగు. 1917లో బెజవాడలో పంచమ సభ పెట్టుకుని, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆ సభలోనే ఆ పేరు వద్దనుకున్నారు మన పెద్దలు. ఈ నేలకి మొదటివాళ్లం మేమే, ఆదిఆంధ్రులం అన్నారు. ఆదిఆంధ్రుడు, ఐదు గళ్లు. అవతల గాంధీ గారు హరిజనుడన్నాడు, 1933లో ఆ పేరుతో పత్రికే పెట్టాడు. అదీ ఐదే. 1935 చట్టం షెడ్యూల్డు కులాలంది. అది గళ్లల్లో పట్టదు, సర్టిఫికెట్లలోనే పడుతుంది. కారంచేడు తర్వాత దళిత మహాసభ వచ్చింది. దళితుడు, మళ్లీ నాలుగు. పైవాళ్లకి ఇవన్నీ పర్యాయపదాలు. పంచముడన్న చోట హరిజనుడు, హరిజనుడన్న చోట దళితుడు రాసుకుంటే సరిపోయింది. మా నాయన భాషలో చెప్పాలంటే, అది వేరు, ఇది వేరు. ఒకటి వాళ్లు తొడిగింది, ఒకటి దయతో ఇచ్చింది, ఒకటి మేం కుట్టుకున్నది.

1994లో మా జిల్లాలోనే ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. చదువుకున్న పిల్లలు పేరు చివర మాదిగ అని పెట్టుకోవడం మొదలుపెట్టారు. మూడు గళ్లు. కోశాలు తిరగెయ్యక్కర్లేని మాట.

ఆ రోజుల్లోనే నేను మా బళ్లో గోడపత్రికకి నుడికట్టు కట్టడం మొదలుపెట్టాను. కట్టడం నింపడం కంటే కష్టం. ఒక మాట దించితే నాలుగు మాటలు కదులుతాయి. పిల్లలకి జలజం, జలదం, జలధి నేర్పాను, అవి వాళ్ల సొత్తు కూడా గదా, ఎందుకు వదులుకోవాలి? వాటి పక్కనే లంద పెట్టాను, ఆరె పెట్టాను. "తలకిందులుగా వేలాడి కాశీకి కబురు మోసింది (3)" అంటే గబ్బిలం. జాషువా గారు 1941లో అచ్చేసిన కావ్యం. మేఘాల్నీ హంసల్నీ కాదని గబ్బిలాన్ని దూతగా పంపినాయన గళ్లల్లోకి రాకపోతే ఇంకెవరొస్తారు!

ఒకసారి "డప్పుకి తోలు మూసి ఊరిని లేపినవాడు (3)" అని పెట్టాను. గోడ మీద అంటించిన గంటకి హెడ్మాస్టరు పిలిచాడు.

"జవాబు మాదిగే గదండీ?"

"అవును సార్."

"పిల్లల నోట కులం మాట ఎందుకండీ. అదే అర్థమొచ్చేది ఇంకేదన్నా పెట్టండి. మీకు తెలియని మాటలా?"

"పెడతాను సార్, మీరు చెప్పండి. మూడు గళ్లు. మొదట మా, చివర గ."

ఆయన నిజంగానే ఆలోచించాడు పాపం. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మాలిగ" అని ఒకటన్నాడు, దానికి అర్థం లేదని ఆయనే నవ్వాడు. గోడ మీదిది గోడ మీదే ఉంది. ఆ వారం జవాబు నింపినవాళ్లల్లో ఊళ్లో పిల్లలూ ఉన్నారు, పల్లె పిల్లలూ ఉన్నారు. మా పల్లెపిల్లాడొకడు ఆ మూడక్షరాలూ గడి పట్టనంత లావుగా దిద్దాడు.

నాయన 1997లో పోయాడు. ఆరె, రంపె నా దగ్గరున్నాయి. ఆయన మాటలు రాసుకున్న నోటుపుస్తకం ఉంది. అందులో సగం మాటలకి ఇప్పుడు ఆధారం రాయడం కష్టం. మోటలు పోయి ఆయిలింజన్లొచ్చాయి, అవీ పోయి మోటార్లొచ్చాయి. చూడని వస్తువుకి పిల్లాడు మాటెట్లా వెతుకుతాడు? అయినా ఒకసారి పెట్టాను. "ఏనుక్కే కాదు, మోటకీ ఉంటుంది (2)".

ఎనిమిదో తరగతి పిల్ల వచ్చి దెబ్బలాడింది. ఊళ్లో రైతుల పిల్ల. "ఆధారం తప్పు సార్. మోటారుకి తొండమేంది?"

"మోటారు కాదమ్మా, మోట. మీ తాతనడుగు."

మర్నాడు పొద్దున బడి గంట కొట్టకముందే వచ్చింది. ఆ పిల్ల తాత వయసులో మోట తోలినవాడే. తొండం అవునన్నాడట. అక్కడితో ఆగలేదు. ఎద్దులు వెనక్కి నడిచే దారికి, బాన పైకొచ్చి తొండంలోంచి నీళ్లు దూకే చోటుకి, మోకుకి, తొండానికి కట్టే సన్నతాడుకి, అన్నిటికీ పేర్లు చెప్పి మనవరాలి చేత రాయించాడు. లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం, రెండు వైపులా నిండిపోయింది. మా నాయన కుట్టినవాడు, ఆయన తోలినవాడు. ఒకే మోటకి ఇద్దరి మాటలూ చాలాచోట్ల కలవలేదు. ఆ కాగితంలో ఆరు మాటలు నేనెప్పుడూ విననివి. అందులో రెండు మూడక్షరాలవి, చివర "ర"తో.

వచ్చే వారానికి అవి పనికొచ్చాయి.